ఎల్‌బీ7 డ్యూరామాక్స్ పికప్: ఐదు మార్కులకి ఇంజన్‌కి నాలుగున్నర, ఇంజెక్టర్లకి రెండు

అమెరికాలో పాత డీజిల్ పికప్ వెతుకుతుంటే 2001 నుంచి 2004 దాకా వచ్చిన షెవ్రొలే సిల్వరాడో, జీఎంసీ సియెరా హెవీడ్యూటీ బళ్ళు తప్పకుండా కంటపడతాయి. జీఎం, ఇసుజు కలిసి తయారుచేసిన 6.6 లీటర్ల వీ8 డీజిల్ ఇంజన్ డ్యూరామాక్స్, 300 హార్స్‌పవర్, వెనక ఐదు గేర్ల ఆలిసన్ 1000 ఆటోమేటిక్ గేర్‌బాక్స్. బరువు లాగడంలో ఈ జోడీకి వంక పెట్టడానికి లేదు. సీట్లు, స్టీరియో గురించి మాట్లాడుకోవడం దండగ. ఈ బండిలో బేరం తేలాల్సింది సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఎనిమిది ఇంజెక్టర్ల దగ్గరే.

ముందు చేతిలో ఉన్నది ఏ ఇంజనో తేల్చుకోవాలి. విన్ నంబర్లో (బండి గుర్తింపు సంఖ్య) ఎనిమిదో అక్షరం 1 అయితే మొదటి తరం డ్యూరామాక్స్ ఎల్‌బీ7, 2 అయితే దాని తర్వాత వచ్చిన ఎల్‌ఎల్‌వై. 2004 మోడల్లో రెండూ ఉన్నాయి కాబట్టి అమ్మేవాడి మాట కాదు, నంబరే చూడండి. తేడా చిన్నది కాదు. ఎల్‌బీ7లో ఇంజెక్టర్లు వాల్వ్ కవర్ల లోపల కూర్చుంటాయి. ఒక్కటి మార్చాలన్నా ఇంజన్ పైభాగం చాలావరకు విప్పాల్సిందే. అందుకే ఇక్కడ లేబర్ బిల్లు చిన్నగా ఉండదు.

ఇవి పాడయ్యేది రెండు మూడు రకాలుగా. ఇంజెక్టర్లకి డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం, కామన్ రైల్లో ఒత్తిడి 23,000 పీఎస్‌ఐ దాకా వెళ్తుంది. అంత ఒత్తిడిలో ఇంధనంలోని కంటికి కనిపించని గరుకు కూడా ఇంజెక్టర్ లోపలి బాల్ సీటుని (వాల్వ్ గోళీ కూర్చునే చోటుని) కోసేస్తుంది. సీటు అరిగితే సిలిండర్లోకి వెళ్ళాల్సిన డీజిల్ ట్యాంకుకి తిరిగివెళ్ళే రిటర్న్ లైన్లోకి జారిపోతుంది, రైల్లో ఒత్తిడి నిలవదు. స్టార్టర్ ఎంతసేపు తిప్పినా ఇంజన్ అందుకోదు, లోడ్ మీద రైల్ ఒత్తిడి తక్కువని చెప్పే పీ0087 కోడ్ పడుతుంది. రెండోది, ఇంజెక్టర్ బాడీకే పగుళ్ళు రావడం. మూడోది, వాల్వ్ కవర్ కింద ఉన్న రిటర్న్ పైపుల జాయింట్లు కారడం. ఈ రెండిటిలోనూ డీజిల్ నేరుగా ఆయిల్ సంపులోకి దిగుతుంది. పల్చబడిన ఆయిల్‌తో నడిపితే తర్వాత పోయేవి బేరింగులు. పైగా కంపెనీ ఈ బండికి ట్యాంకు దగ్గర డీజిల్‌ని ముందుకి నెట్టే లిఫ్ట్ పంపు పెట్టలేదు. ముందు ఇంజన్ మీదున్న సీపీ3 అనే హై ప్రెషర్ పంపు తనే డీజిల్‌ని అంత దూరం నుంచి పీల్చుకోవాలి, మధ్యలో ఉన్నది ఒకే ఫిల్టరు. విడిగా లిఫ్ట్ పంపు, సన్నటి ఫిల్టరు బిగించిన బండి కనిపిస్తే అది మంచి గుర్తే.

చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఇంకోరోజు రండి. స్టార్ట్ చేసేముందు డిప్‌స్టిక్ తీయండి. ఫుల్ గీతకి పైన ఆయిల్ ఉంటే సంతోషించకండి, పెరిగినది డీజిల్ కావచ్చు. వాసన చూడండి. ఒక చుక్క టిష్యూ కాగితం మీద వేసి కాసేపు వదిలేస్తే, డీజిల్ కలిసుంటే నల్లమచ్చ చుట్టూ లేతగా తడివలయం పాకుతుంది. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, అనుమానం పుట్టించడానికి చాలు.

తర్వాత బాగా వేడెక్కేదాకా నడిపి, ఐడిల్లో పదిహేను నిమిషాలు వదిలేసి సైలెన్సర్ వెనక నిలబడండి. కళ్ళు మండించే తెల్లటి మసకపొగ వస్తే ఏదో ఇంజెక్టర్ కారుతోందన్నమాట. అప్పుడు బ్యాలెన్స్ రేట్లు, అంటే ఒక్కో సిలిండర్‌కి కంప్యూటర్ డీజిల్ ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో, చూపించే స్కానర్ పెట్టాలి. మామూలు కోడ్ రీడర్ పనికిరాదు. పార్క్‌లో ఏ సిలిండరూ 4 దాటకూడదు, డ్రైవ్‌లో 6 దాటకూడదు, ప్లస్ అయినా మైనస్ అయినా. మైనస్ పెద్దగా ఉంటే ఆ ఇంజెక్టర్ ఎక్కువ పోస్తోంది, కంప్యూటర్ తగ్గిస్తోంది. ప్లస్ పెద్దగా ఉంటే ఆ సిలిండర్ నీరసంగా ఉంది. దానికి కారణం ఇంజెక్టరే కానక్కర్లేదు, కంప్రెషన్ కూడా కావచ్చు. అన్నీ బాగున్నాయని అక్కడితో ఆగకండి. రిటర్న్ ఎక్కువైన ఇంజెక్టర్ ఐడిల్లో బుద్ధిగానే ఉంటుంది. రిటర్న్ ఎంత వస్తోందో కొలిపించి, లోడ్ మీద కంప్యూటర్ అడిగిన రైల్ ప్రెషర్‌కీ వచ్చినదానికీ తేడా చూస్తేనే దాని గుట్టు బయటపడేది.

ఇక వారంటీ. ఫిర్యాదులు పెరిగాక జీఎం ఎల్‌బీ7 ఇంజెక్టర్లకి 7 ఏళ్ళు లేదా 200,000 మైళ్ళు, ఏది ముందైతే అది, అని కవరేజ్ పొడిగించింది. లెక్క బండి మొదటిసారి రోడ్డెక్కిన తేదీ నుంచి. అంటే ఆఖరి బళ్ళకి కూడా ఎప్పుడో ముగిసిపోయింది. "కంపెనీ చూసుకుంటుంది" అని ఇప్పుడు ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. డీలర్ దగ్గర కొంటే ఇంకో మెలిక ఉంది. పాత కార్ల అద్దానికి బయ్యర్స్ గైడ్ (వారంటీ ఉందో లేదో చెప్పే కాగితం) అంటించమనే ఫెడరల్ రూల్ 8,500 పౌండ్ల లోపు జీవీడబ్ల్యూఆర్ (సరుకుతో కలిపి బండికి అనుమతించిన గరిష్ఠ బరువు) ఉన్న బళ్ళకే. ఈ బళ్ళలో 2500హెచ్‌డీ మోడల్‌ది 9,200 పౌండ్లు. ఆ కాగితం లేదని నిలదీయలేరు, కాబట్టి వారంటీ ఉందా లేదా అన్నది అమ్మకపు ఒప్పందంలోనే రాయించుకోవాలి.

విడిగా డబ్బు తీసుకుని రిపేర్లు భరిస్తామనే సర్వీస్ కాంట్రాక్ట్ అంటగడితే కవరయ్యే భాగాల పట్టికలో "ఇంజెక్టర్" అన్న మాట వెతకండి. "ఫ్యూయల్ సిస్టమ్" అని ఊరికే ఉంటే సరిపోదు. కలుషిత ఇంధనం, అరుగుదల, కొనకముందే ఉన్న లోపం, ఈ మూడు మినహాయింపులూ ఉంటే ఇంజెక్టర్ క్లెయిమ్‌కి ఇక మిగిలేది పెద్దగా ఏమీ లేదు. వేరే బ్రాండ్ ఫిల్టర్ వేశారన్న ఒక్క కారణంతో వారంటీ ఎగ్గొట్టడం మాత్రం 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం కుదరదు. ట్యూనర్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చే పరికరం) పెట్టి ఒత్తిడి పెంచినందుకే పాడైందని చూపిస్తే అది వేరే సంగతి.

"ఇంజెక్టర్లు కొత్తవి" అంటే బిల్లు అడగండి. ఎనిమిదీ మార్చారా, ఒకటి రెండా? కొత్త బాష్‌వా, రీమాన్యుఫాక్చర్డ్‌వా? రిటర్న్ పైపులు, రాగి వాషర్లు, హై ప్రెషర్ లైన్లు అందులో ఉన్నాయా? ఇంజెక్టర్ కూర్చునే కప్పుల సంగతీ అడగండి. పాత ఇంజెక్టర్ పీకేటప్పుడు కప్పు దాంతోపాటు ఊడొస్తే కూలెంట్ సిలిండర్లోకి దిగుతుంది. ఇంజెక్టర్ అమ్మినవాళ్ళ వారంటీ రెండో ఓనర్‌కి వర్తిస్తుందో లేదో బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలాసార్లు అది పార్టుకే, లేబర్‌కి కాదు. ఈ బండిలో లేబర్ లేని వారంటీ సగం వారంటీ కూడా కాదు.

బిల్లు లేకపోతే ఎనిమిది ఇంజెక్టర్లు, లేబర్ కలిపి ఒక షాపులో రాతపూర్వకంగా కొటేషన్ తీసుకుని ఆ మొత్తం ధరలోంచి కొట్టేయండి. ఒప్పుకోకపోతే అదే డబ్బుకి ఎల్‌ఎల్‌వై వెతకడం నయం. అందులో ఇంజెక్టర్లు వాల్వ్ కవర్ బయటికొచ్చాయి, మార్చడం చాలా తేలిక. దాన్లో చూడాల్సింది 2, 7 నంబర్ ఇంజెక్టర్ల దగ్గర వైరింగ్ ఒరుసుకుపోయిందా అని. అది టార్చిలైట్ వేసి చూస్తే కనిపిస్తుంది.