విజయవాడ, గుంటూరుల్లో శాకాహారం: పొద్దున రాజభోగం, రాత్రి తిప్పలు

వెజ్ బిర్యానీలో ఎముక ముక్క తగిలితే పొరపాటు జరిగిందనుకోవచ్చు. వడ్డన చూసుకునే కెప్టెన్‌ని పిలిచి చూపిస్తే "రైస్ ఒకటేనండీ, ముక్కలే వేరు" అని నవ్వుతూ చెప్పాడంటే మాత్రం అది పొరపాటు కాదు, అక్కడి పద్ధతి. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక లాడ్జి కింది అంతస్తులో ఉన్న రెస్టారెంట్ సంగతి ఇది. గుమ్మం మీద బోర్డు "ప్యూర్ వెజ్ అండ్ నాన్‌వెజ్". ఇంతకంటే ముందస్తు హెచ్చరిక ఏం కావాలి!

అసలు ఇది ఎలా జరుగుతుందంటే, దమ్ హండీలో అడుగున మసాలా పట్టించిన చికెన్, పైన ముప్పావు వంతు ఉడికిన బియ్యం పరిచి మూత బిగిస్తారు. ఆవిరి మొత్తం కింది మాంసంలోంచే పైకొస్తుంది. వెజ్ ఆర్డరు వస్తే పై పొరలోంచి అన్నం తీసి, అందులో పనీర్ గ్రేవీయో మిక్స్‌డ్ వెజ్ కూరో కలిపి ప్లేటులో పెట్టేస్తారు. మధ్యాహ్నం రద్దీలో కొన్ని చోట్ల వెజ్‌కి విడిగా చిన్న హండీ వేస్తారు. రాత్రి తొమ్మిది దాటాక నాలుగు వెజ్ ప్లేట్ల కోసం ఎవరూ వేరే పొయ్యి వెలిగించరు. ప్లేటు చూసి కొంతవరకు పోల్చుకోవచ్చు. బీన్స్, క్యారెట్, బంగాళాదుంప అన్నంతోపాటే మగ్గి రంగు పట్టి ఉంటే అది వెజ్ కోసం వండిందే. మెతుకులు ఒక తీరు, కూర ఒక తీరుగా, గ్రేవీ అన్నం మీద విడిగా కూర్చుని ఉంటే అనుమానించాలి. ఆర్డరిచ్చిన అయిదు నిమిషాలకే బల్ల మీదకొస్తే అనుమానం కూడా అక్కర్లేదు. "ప్లెయిన్ బిర్యానీ రైస్" అని మెనూలో కనిపించేది ముక్కల్లేని చికెన్ బిర్యానీయే తప్ప వెజ్ కాదు. కాబట్టి "వెజ్ ఉందా?" అని అడిగి లాభం లేదు, ఎవరైనా ఉందనే అంటారు. "హండీ వేరేనా? నూనె కళాయి వేరేనా?" అని అడగాలి. సమాధానానికి ముందు తడబాటు కనిపిస్తే లేచి వచ్చేయాలి.

బిల్లు సంగతి కూడా చెప్పుకోవాలి. వెజ్ దమ్ బిర్యానీ 280, పనీర్ బటర్ మసాలా 300, బటర్ నాన్ మూడు 195, నీళ్ల బాటిల్ 30, మొత్తం 805. దాని మీద అయిదు శాతం సర్వీస్ ఛార్జి, ఆపైన జీఎస్టీ వేసి 888 రూపాయల కాగితం తెచ్చారు. బిర్యానీ, సర్వీస్ ఛార్జి రెండూ తీసేయించాక 525, దాని మీద అయిదు శాతం జీఎస్టీ కలిపి 551 అయింది. ఇందులో హోటల్ దయ ఏమీ లేదు. బిల్లులో సర్వీస్ ఛార్జిని తనంతట తాను కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. జీఎస్టీ కట్టాలి, సర్వీస్ ఛార్జి అక్కర్లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తామని నెమ్మదిగా అంటే చాలు, చాలా చోట్ల కౌంటర్లోనే తేలిపోతుంది.

బిల్లు తగ్గినా మా అత్తగారి మొహం తేటపడలేదు. కార్తీక మాసం, నియమాల్లో ఉన్న మనిషి. ఆ రాత్రి రెండు అరటిపండ్లతో సరిపెట్టుకుని, మర్నాటి నుంచి ప్రతి హోటల్ గుమ్మం దగ్గరా వంటింటి వైపు చూపు సారించి గానీ లోపలికి అడుగు పెట్టలేదు. నిజానికి ఆ చూపే సరైన పద్ధతి.

పొద్దుటి పూట ఈ రెండు ఊళ్లలో శాకాహారికి ఏ దిగులూ లేదు. విజయవాడ గాంధీనగర్ బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న, పక్కన కారప్పొడి. ఇంకేం చెప్పాలి, వెళ్లి తినాలి.

చిక్కంతా ఉల్లి, వెల్లుల్లి మానినవాళ్లకే. కార్తీకంలోనూ, అయ్యప్ప, భవానీ మాలల కాలంలోనూ విజయవాడకొచ్చేవాళ్లలో వాళ్లే ఎక్కువ. సాదా దోసెలో ఉల్లి ఉండదుగదా అనుకుంటారు. పెనం దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి. ప్రతి దోసెకీ ముందు నీళ్లు చిలకరించి, చీపురుతో తుడిచి, సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి పెనమంతా రుద్దుతారు. పిండి అంటుకోకుండా ఉండటానికి అది తరతరాల పద్ధతి. ఉల్లి మానినవాళ్లకు ఆ సాదా దోసె కూడా పనికిరాదు. పెసరట్టు సంగతి సరేసరి, ఉల్లి పైనే చల్లి కనిపిస్తుంది. ఉప్మాలో ఉల్లి, పూరీ కూరలో ఉల్లి, సాంబారులో ఉల్లి. పల్లీ చట్నీలో కొందరు వెల్లుల్లి వేస్తారు, కారప్పొడిలో చాలామంది వేస్తారు. మిగిలేవి ఇడ్లీ, పొంగలి, పులిహోర, దద్దోజనం. గారెల పిండిలో ఉల్లి కలుపుతారో లేదో అడగాలి. అల్లం చట్నీ మామూలుగా అల్లం, చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలతోనే చేస్తారు గాబట్టి ఇడ్లీకి అదే దిక్కు. "ఇది ఇవాళ చేసిందేనా" అని అడిగి వేయించుకోండి, పాతబడితే పుల్లటి వాసన వస్తుంది.

మాలల రోజుల్లో మాత్రం ఊరు మర్యాదగా ఉంటుంది. స్వాములకు, భవానీలకు ప్రత్యేక భోజనమని హోటళ్ల ముందు బోర్డులు పెడతారు. అలాంటిచోట వేరే పొయ్యి, వేరే గిన్నెలు ఉంటాయన్న నమ్మకంతో కూర్చోవచ్చు. మాల వేసుకోనివాళ్లు అడిగినా పెడతారు. ఇంద్రకీలాద్రి అమ్మవారి అన్నప్రసాదం ఉండనే ఉంది. దసరా రోజుల్లోనూ, భవానీలు దీక్ష విరమించే రోజుల్లోనూ ఆ వరుసలో పిల్లలతో నిలబడటం కష్టం. మామూలు రోజుల్లో దర్శనం అయ్యాక నేరుగా అటే వెళ్తే సరిపోతుంది.

మధ్యాహ్న భోజనానికి పదకొండున్నర నుంచి రెండు లోపల వెళ్లాలి. రెండున్నరకి వెళ్తే వేపుడు అయిపోతుంది, రసం పలచబడుతుంది, అప్పడం మెత్తబడుతుంది. డబ్బులు మాత్రం అవే. ఫుల్ మీల్స్‌లో కందిపొడి, గోంగూర, ముద్దపప్పు, నెయ్యి, ఒక వేపుడు, ఒక కూర, సాంబారు, రసం, పెరుగు రావాలి. ప్లేట్ మీల్స్‌లో అన్నం కొలత ప్రకారమే, మారు వడ్డింపు ఉండదు. మేము తిన్నచోట ఫుల్ మీల్స్ 160, పార్శిల్ 180. పార్శిల్ అన్నం ఇద్దరికి హాయిగా సరిపోయింది, పప్పు మాత్రం ఒకరికే. పార్శిల్ తీసుకునేటప్పుడు పప్పు ఇంకో కవరు అడిగి, దానికి వేరే డబ్బులిచ్చినా నష్టం లేదు.

మాంసాహార మెస్సుల్లో "వెజ్ మీల్స్" తినాల్సి వస్తే వడ్డించే చేతిని గమనించాలి. చాలా మెస్సుల్లో భోజనంతోపాటు చికెన్ ఇగురో చేపల పులుసో ఉచితంగా పోస్తారు. నాలుగు గిన్నెలు కలిపి ఉన్న వడ్డన క్యారేజీలో సాంబారు పక్కనే ఆ పులుసూ ఉంటుంది. మనకు సాంబారు పోసే గరిటె అంతకుముందే పక్క బల్ల మీద పులుసులో మునిగి ఉండొచ్చు. కూర్చోగానే "మాకు పులుసు వద్దు, సాంబారు వేరే గిన్నెలో బల్ల మీద పెట్టేయండి" అంటే పెడతారు, ఎవరూ కాదనరు. ఆ మాట ఆకు వేయకముందే చెప్పాలి.

మూడు దాటాక ఊరు మారిపోతుంది. భోజన హోటళ్లు షట్టర్లు దించుతాయి. సాయంత్రం తెరిస్తే మళ్లీ టిఫినే. పొద్దున ఇడ్లీ, రాత్రి ఇడ్లీ అంటే ఎంతటి ఆంధ్రుడికైనా మొహం మొత్తుతుంది. అన్నం కావాలన్నవాడికి రోడ్డు పక్క ఫ్రైడ్ రైస్ బండి కనిపిస్తుంది. అక్కడ కళాయి ఒకటే, గరిటె ఒకటే. గుడ్డు కొట్టి వేయించిన కళాయిని ఒక దెబ్బ కొట్టి, నీళ్లు పోసి వంపేసి మన వెజ్ రైస్ మొదలెడతారు. గోబీ 65, చికెన్ 65 వేగేది ఒకే నూనెలో. గోబీకి అంటుకున్న ఎర్రటి పొట్టు, నూనెలో నల్లటి నలకలు చూస్తే తెలుస్తుంది. నూడుల్స్ కొన్నిటిలో గుడ్డు పిండిలోనే ఉంటుంది, ప్యాకెట్ చూపించమనాలి. పెద్ద రెస్టారెంట్లలోనూ సూపుల దగ్గర జాగ్రత్త పడాలి. వెజ్ హాట్ అండ్ సోర్‌లో కూరగాయలు వెజ్జే, అడుగున పోసిన నీళ్లు చికెన్ స్టాక్ కావచ్చు. బజ్జీల బండి దగ్గర కూడా ఎగ్ బోండా వేస్తున్నారేమో చూసి, వేస్తుంటే పక్క బండికి నడవండి. గుంటూరులో పక్క బండి ఎప్పుడూ ఉంటుంది.

రాత్రి పూట అన్నం దొరికే చోటు ఒకటుంది, పర్యాటకులు దాని వంక చూడరు. 2018లో మొదలై, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లు. పూటకి అయిదు రూపాయలు. శాకాహారమే. రాత్రి కూడా అన్నం, కూర, పప్పో సాంబారో, పెరుగు ఉంటాయి. ఆలస్యంగా వెళ్తే అయిపోతుంది. రుచి బాగానే ఉంది. 280 రూపాయల ఎముక బిర్యానీ కంటే వంద రెట్లు నయం. అత్తగారు మొదట "అక్కడ మనం తినొచ్చా?" అని సంకోచించారు గానీ, పెరుగన్నం అయ్యాక ఆవిడే మెచ్చుకున్నారు.

లాడ్జి వాళ్లు "బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ" అంటే మురిసిపోకండి. రెండు వేల పైచిలుకు గదికి ఇచ్చే ఆ బఫేలో దోసెలు, ఆమ్లెట్లు ఒకే పెనం మీద పోయడం మామూలే. రెండు పెనాలున్నా అట్లకాడ ఒకటే ఉంటుంది. బ్రేక్‌ఫాస్ట్ లేకుండా గది ఎంతని అడగండి, మాకు 250 తగ్గించారు. ఆ డబ్బుతో ముగ్గురం బయట కడుపునిండా తిన్నాం.

విజయవాడ వన్‌టౌన్‌లో మార్వాడీ, గుజరాతీ వ్యాపారుల కుటుంబాలు ఎక్కువ. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల మిఠాయి దుకాణాల్లో, చిన్న భోజనశాలల్లో "జైన్" అని చెబితే ఉల్లి, వెల్లుల్లితోపాటు బంగాళాదుంప కూడా లేకుండా చేసిస్తారు. ఉల్లి లేని వంట వాళ్లకు రోజూ అలవాటే. గుంటూరు వెళ్లే దారిలో నంబూరు దగ్గర హైవే పక్కన హ్రీంకార తీర్థం అనే జైన క్షేత్రం ఉంది, అక్కడా భోజనశాల ఉంది. జైన భోజనశాలల్లో సూర్యాస్తమయం తరవాత వడ్డించరు. ఏడింటికి చేరి ఆకలిగా ఉందంటే లాభం లేదు. మంగళగిరిలో పానకం తాగి దిగినవాళ్లు వెలుగుండగానే అటు చేరేలా చూసుకోవాలి.

గుంటూరు ఈ విషయంలో విజయవాడ కంటే తేలిక. అరండల్‌పేట, బ్రాడీపేటల్లో టిఫిన్, భోజనం హోటళ్లు నడిచే దూరంలోనే ఉంటాయి. చిరునామాలు "4/14" అన్నట్టు చెబుతారు, అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఇది తెలియకపోతే ఆటోవాడు రెండు సార్లు తిప్పుతాడు. శంకర్ విలాస్ సెంటర్‌కి ఆ పేరు హోటల్ వల్లే వచ్చింది, అదీ గుంటూరు. కారం మాత్రం మిర్చి యార్డు ఉన్న ఊరి కారమే. కొరివికారం, పండుమిరప పచ్చడి కొసరి కొసరి కలుపుకోవాలి, పప్పూ నెయ్యీ అడ్డం పెట్టుకోవాలి. వాటిలో వెల్లుల్లి తరచుగా ఉంటుంది గనక కార్తీకం వాళ్లు అడిగి వేయించుకోవాలి.

గదిలోనే కూర్చుని యాప్‌లో తెప్పించుకునేవాళ్లకు ఇంకో కిటుకు. "ప్యూర్ వెజ్" ఫిల్టర్ పెట్టినంత మాత్రాన వంటిల్లు వెజ్ అయిపోదు. ఒకే వంటింటి నుంచి నాలుగు పేర్లతో అమ్మేవాళ్లున్నారు, ఒక పేరు మీద పనీర్, ఇంకో పేరు మీద కబాబ్. రెస్టారెంట్ పేజీలో అడుగున 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు ఉంటుంది. ఆ నంబరుగానీ చిరునామాగానీ దగ్గర్లోని చికెన్ సెంటర్‌దీ దీనిదీ ఒకటే అయితే, పొయ్యి కూడా ఒకటేనని అనుమానించాలి. ప్యాకెట్ల మీద పచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం. గుడ్డు కూడా త్రికోణం కిందికే వస్తుంది. కేకులు కొనేటప్పుడు ఇది చూడాలి. బేకరీలో విడిగా అమ్మే కప్ కేకు మీద ఏ గుర్తూ ఉండదు, అడిగితే "ఎగ్‌లెస్సే" అంటారు. ఎగ్‌లెస్ ట్రే వేరుగా ఉందా లేదా చూపించమంటేనే నిజం తెలుస్తుంది.