జాగ్రత్త: చీజ్-వైన్ హ్యాంపర్ అడుగున అట్టపెట్టె

చీజ్-వైన్ హ్యాంపర్లు ఆన్‌లైన్‌లో కొనబోతున్నారా? అందులోనూ పది, పదిహేను ఒకేసారి ఆర్డర్ పెట్టబోతున్నారా? అయితే డబ్బు కట్టకముందే ఇది చదవండి. నేను కట్టేశాక తెలుసుకున్నవి ఇవన్నీ. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు, ఇంకా వాళ్ల దగ్గర నా డబ్బు ఉంది. పైగా ఇది వాళ్లొక్కరి పద్ధతే కాదని ఆ తర్వాత మరో నాలుగైదు సైట్లు చూశాక అర్థమైంది.

సంవత్సరం చివర్లో క్లయింట్లకు గిఫ్టులు పంపే పని మా ఆఫీసులో ఎప్పుడూ నా నెత్తినే పడుతుంది. ఈసారి డైరీలూ పెన్నులూ వద్దు, కాస్త బాగుండేది పంపుదాం అన్నారు. వెతికితే ఒక ఫొటో కంటపడింది. అల్లిక బుట్ట, అందులో సగం కోసిన గుండ్రటి బ్రీ అనే మెత్తటి చీజ్, ముదురు పసుపు గౌడా అనే గట్టి చీజ్ ముక్క, పక్కన నిలువెత్తు రెడ్ వైన్ సీసా. 15 ఆర్డర్ పెట్టాను. 14 క్లయింట్లకు, ఒకటి శాంపిల్‌గా నా ఇంటికి. శాంపిల్ ముందు రావాలి కదా, అన్నిటికంటే చివర వచ్చింది. అప్పటికి మిగతావి ఇళ్లకూ ఆఫీసులకూ చేరిపోయాయి.

నాది విప్పిన సంగతి చెప్తాను. పైన సెల్లోఫేన్ కాగితం తీయగానే ఘాటైన వాసన, నేల తుడిచే ఫినాయిల్‌కి కాస్త అటూ ఇటూగా. బుట్టలో గుప్పెళ్లకొద్దీ కాగితం పీలికలు. వాటిని తీస్తూ పోతే అడుగున ఒక అట్టపెట్టె, ఖాళీది, బోర్లించి ఉంది. అంటే ఆ బుట్ట లోతులో సగానికి పైగా ఆ పెట్టే. సరుకంతా దాని నెత్తిన కూర్చోబెట్టారు, నిండుగా కనబడాలని. ఫొటోలో నిలువెత్తుగా ఉన్న సీసా చేతిలోకి తీసుకుంటే 375 మి.లీ.ది, మామూలు 750 మి.లీ. సీసాలో సగం. పక్కన పెట్టినవన్నీ అంతకంటే చిన్నవి కాబట్టి ఫొటోలో అది పెద్దదిగా కనబడింది, అంతే. జామ్ సీసా హోటల్లో టిఫిన్‌తో పాటు ఇచ్చే 28 గ్రాముల బుడ్డి.

నాకు అనుమానం వచ్చి వంటింటి కాటా తెచ్చి తూచాను. బ్రీ 60 గ్రాములు. గౌడా స్థానంలో వచ్చిన ప్రాసెస్డ్ చీజ్ పుల్ల 40. చీజ్ స్ప్రెడ్ ట్యూబు 45. మొత్తం 145 గ్రాములు. సైట్లో మాత్రం ఆరుగురికి సరిపోతుందని రాశారు. భోజనం తర్వాత రుచికి పెట్టుకున్నా మనిషి 50 గ్రాములు అవలీలగా తింటాడు. ఆరుగురేమో గానీ, ముగ్గురు మొహమాటపడుతూ తింటే సరిపోతుంది.

ఇక ఆ గౌడా సంగతి. ఆర్డర్ పేజీలో అట్టడుగున, లేత బూడిద రంగు అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: చిత్రం అవగాహన కోసమే, స్టాకు లేనప్పుడు సమాన విలువ గల వస్తువు పంపబడును. కొంపముంచేది ఈ ఒక్క వాక్యమే. సమాన విలువ అని తేల్చేది ఎవరు? వాళ్లే. వాళ్ల లెక్కలో నెలలకొద్దీ మాగిన గౌడాకీ, పొగ వాసన కలిపిన ప్రాసెస్డ్ చీజ్‌కీ విలువ ఒకటే. నేను ఫోన్ చేసి అడిగితే "రెండూ చీజే కదా మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి. పాపం, అతను నిజంగానే అలా అనుకుంటున్నాడేమో.

రెండూ ఒకటి కావు. లేబుల్ మీద పేరు ఎలా రాశారో చూడండి. అమెరికా నిబంధనల్లో ప్రాసెస్డ్ చీజ్ ఫుడ్ అని రాయాలంటే బరువులో కనీసం 51 శాతం అసలు చీజ్ ఉండాలి. మిగతాది నీళ్లు, పాలపొడి, చీజ్‌ని కరిగించి కలిపి ఉంచే లవణాలు, అలాంటివి. అదే చీజ్ ప్రాడక్ట్ అని రాసుకుంటే ఆ 51 శాతం హద్దు కూడా వర్తించదు. అందుకే పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కాకుండా, వెనకవైపు పదార్థాల జాబితాలో మొదట ఏముందో చదవాలి. పాలు, ఉప్పు, రెన్నెట్ (పాలను గడ్డకట్టించేది), కల్చర్ (తోడు లాంటిది) అని నాలుగు మాటల్లో అయిపోతే అది మామూలుగా చేసిన చీజ్. జాబితా చాంతాడంత ఉంటే ఏమిటో మీకే తెలుస్తుంది.

పర్మేసాన్ పేరుతో జరిగేదీ ఇంతే. అసలు పర్మేసాన్ అంటే ఇటలీలో తయారయ్యే పార్మిజానో రెజ్జానో అనే గట్టి చీజ్. అది కనీసం 12 నెలలు మాగాలి, దాని తొక్క మీద చుక్కచుక్కలుగా ఆ పేరు గుచ్చి ఉంటుంది. చిన్న ముక్క కోసినా తొక్క ఉంటే ఆ చుక్కలు కనిపిస్తాయి. యూరప్‌లో పర్మేసాన్ అన్న మాటను దానికి తప్ప వాడకూడదని అక్కడి కోర్టు 2008లో తేల్చింది. యూరప్ బయట చాలాచోట్ల ఆ అడ్డు లేదు, తురిమి డబ్బాలో పోసిన దేన్నయినా పర్మేసాన్ అనేస్తారు. ఇంకో మాట, పార్మిజానో రెజ్జానోలో వాడేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్. శాకాహారులకు పంపేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. హ్యాంపర్ సైట్లలో ఈ సంగతి చెప్పినవాళ్లను నేను చూడలేదు.

అసలు తప్పు నాదే, ఒక ప్రశ్న అడగలేదు. బ్రీ లాంటి మెత్తటి చీజ్‌ని ఫ్రిజ్ చల్లదనంలో, అంటే దాదాపు 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. బయట రెండు గంటలకు మించి ఉంచొద్దని అమెరికా ఆహార భద్రత సూచనలు చెబుతాయి. మరి ఆ బుట్ట కొరియర్ వ్యానులో ఎన్ని గంటలు తిరిగింది? నా బుట్టలో ఐస్ జెల్ ప్యాక్ లేదు, థర్మాకోల్ లేదు, 'చల్లగా ఉంచండి' అన్న స్టిక్కర్ కూడా లేదు. క్లయింట్లకు పంపినవాటిలో నాలుగు శుక్రవారం సాయంత్రం చేరాయి. ఆఫీసులు మూసేశారు, సోమవారం దాకా రిసెప్షన్ బల్ల కిందే ఉన్నాయి. ఇంకొకటి పెద్దవాళ్ల సంతకం దొరకలేదని వెనక్కి వెళ్లి, మూడు రోజులు కొరియర్ గోడౌన్లో ఉండి మళ్లీ వచ్చింది. వైన్ ఉన్న పార్సిల్‌ని పెద్దవాళ్లెవరూ లేకుండా అప్పగించకూడదన్న నియమం చాలా దేశాల్లో ఉంది. అది మంచిదే. కానీ అదే పెట్టెలో బ్రీ కూడా కుక్కితే వైన్ ఆగిన ప్రతిరోజూ చీజ్ కుళ్లుతూ ఉంటుంది. నిజంగా చీజ్ తెలిసిన దుకాణం మిమ్మల్ని ముందే అడుగుతుంది: ఏ రోజు ఇంట్లో ఉంటారు, వారాంతానికి ముందు పంపొద్దా అని. వీళ్లు నన్ను గ్రీటింగ్ కార్డు మీద ఏం రాయాలని తప్ప ఏమీ అడగలేదు.

వాసన గురించి ఫిర్యాదు చేస్తే వచ్చిన జవాబు, "చీజ్ అంటే అలాగే ఉంటుంది మేడమ్". ఇందులో కొంత నిజం ఉంది, అందుకే చాలామంది నోరు మూసుకుంటారు. ఎపువాస్, లింబర్గర్ లాంటివి ఉప్పునీళ్లతోనో మద్యంతోనో తొక్క కడుగుతూ మాగబెట్టేవి, వాటికి ఘాటు సహజం. బాగా మాగిన గౌడాలో పంటికి తగిలే తెల్లటి పలుకులు బూజు కాదు, మాగడం వల్ల ఏర్పడిన స్ఫటికాలు. బ్రీ, కామంబేర్ పైన తెల్లటి పొర కూడా కావాలని పెంచిన బూజే. బ్రీ పొట్లం విప్పగానే కాస్త అమోనియా వాసన వచ్చి, గాలి తగిలాక పోతే తినొచ్చు. నాది అరగంట తర్వాత కూడా ముక్కు దగ్గరికి రానివ్వలేదు. తొక్క గోధుమ రంగుకి తిరిగి, లోపల జిగురు కారుతోంది. దాని మీద యూజ్ బై తేదీకి ఇంకా తొమ్మిది రోజులుంది. ఫ్రిజ్‌లో ఉంటేనే ఆ తేదీకి అర్థం.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఒక క్లయింట్ ఫోన్. ఆవిడ గర్భిణి. "ఈ బ్రీ పచ్చిపాలతో చేసిందా, పాశ్చరైజ్ చేసిన పాలతోనా?" అని అడిగారు. నాకు తెలియదు. లేబుల్ చూస్తే దిగుమతి స్టిక్కర్ సరిగ్గా ఆ వరస మీదే అంటించి ఉంది. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది, కడుపులో బిడ్డకి ప్రమాదం. అందుకే గర్భిణులను పచ్చిపాల మెత్తటి చీజ్ తినొద్దంటారు. ఫ్రెంచ్ లేబుల్ మీద లే క్రూ అని ఉంటే పచ్చిపాలు అని అర్థం. ఆవిడ అడిగారు కాబట్టి సరిపోయింది. మిగతా పదమూడు మందికీ ఆ రాత్రే మెసేజ్ పెట్టాను, ఆ మెత్తటి చీజ్ తినకండి, పడేయండి అని. గిఫ్ట్ పంపినవాళ్లు ఇలాంటి మెసేజ్ పెట్టడం ఎంత సిగ్గుచేటో ఊహించుకోండి.

వైన్ దగ్గరికి వస్తే, నా సీసా బిరడా మూతి నుంచి పైకి పొడుచుకొచ్చి ఉంది. పైన రేకు కింద ఎర్రటి జిగురు చార. వేడికి లోపలి ద్రవం వ్యాకోచించి బిరడాను తోసేస్తుంది, ఆ సందులోంచి గాలి దూరుతుంది. తాగితే పండ్ల రుచి పోయి ఉడికించిన పులుసులా ఉంది. వైన్‌ని ఎక్కువ కాలం దాచేవాళ్లు 12-14 డిగ్రీల్లో ఉంచుతారు. ఇది ఎండలో ఏ వ్యానులోనో గడిపినట్టుంది. లేబుల్ మీద ద్రాక్ష పండిన సంవత్సరం లేదు, చేసినవాళ్ల పేరు లేదు, సీసాలో నింపించినవాళ్ల పేరు మాత్రం ఉంది. ఇదొక్కటే తప్పని అనను, సంవత్సరం వేయని మంచి వైన్లూ ఉన్నాయి. కానీ సైట్లో కూడా రెడ్ వైన్ అని రెండు ముక్కలు తప్ప ఏమీ లేదంటే, ఆ వారం ఏది చవగ్గా దొరికితే అది పెడతారన్నమాట.

షాంపేన్ హ్యాంపర్ అని అమ్మేచోట ఇంకా జాగ్రత్త. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో చేసినదాని బిరడా మీద కూడా ఆ పేరు ముద్రించి ఉంటుంది. ఇటలీ ప్రోసెక్కో, స్పెయిన్ కావా అనే బుడగల వైన్లూ మంచివే, నాకు కావా ఇష్టం కూడా. కానీ షాంపేన్ ధర కట్టి అవి తీసుకోవడం ఎందుకు? పైగా షాంపేన్ సీసాలో ఒత్తిడి ఐదారు అట్మాస్ఫియర్లు, కారు టైరులో ఉండేదానికి రెండు మూడింతలు. అలాంటి సీసాని వట్టి కాగితం పీలికల మధ్య జామ్ సీసాకి ఆనించి పంపేవాళ్లని ఏమనాలి?

జత కుదర్చడం కూడా వాళ్లకి పట్టలేదు. బ్రీతో బాగా ఒగరున్న రెడ్ పెడితే నోట్లో లోహపు చేదు తగులుతుంది. ఉప్పగా ఉండే రోక్ఫోర్ చీజ్‌కి తియ్యటి సోటెర్న్ వైన్, మేకపాల చీజ్‌కి పుల్లగా ఉండే సాన్సెర్ వైన్, ఇవి ఏనాటి నుంచో కుదిరిన జోడీలు. అవి దొరక్కపోతే మామూలు చెడ్డార్ పెట్టినా రెడ్‌కి నప్పుతుంది. చెడ్డార్, గౌడా, పార్మిజానో లాంటి గట్టి చీజ్‌లు ప్రయాణానికీ తట్టుకుంటాయి.

చెడిపోయినవాటి బదులు మళ్లీ పంపాల్సి వస్తే ఈసారి నేనే కట్టాను. గట్టి చీజ్ రెండు రకాలు, ఒక్కోటి 200 గ్రాములు, పొట్లం మీద బరువు, పాల రకం చేత్తో రాశాను. వైన్ పూర్తి సీసా, వేరే పెట్టెలో. బుట్ట వాడలేదు, మందపాటి అట్టపెట్టె చాలు. మంగళవారం పంపాను, అందుకునేవాళ్లకు ముందురోజు ఫోన్ చేసి. వాళ్ల హ్యాంపర్ కంటే తక్కువలోనే అయింది, నా రెండు సాయంత్రాలు మాత్రం పోయాయి.

మీరు కొనాల్సే వస్తే ఆర్డర్‌కి ముందు ఈమెయిల్లో రాయించుకోండి: ప్రతి వస్తువు పేరు, గ్రాములు, మి.లీ., నన్ను అడక్కుండా మార్చకూడదు అన్న మాట. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. శాంపిల్ మీ చేతికి వచ్చాకే మిగతావి పంపనివ్వండి. విప్పేటప్పుడు వీడియో తీయండి, నా దగ్గర ఆ అట్టపెట్టె ఫొటో ఉండబట్టే కొంతైనా మాట్లాడగలిగాను. ఇంకా, ఎక్కువ తీసుకుంటే తగ్గింపు ఇస్తాం, నేరుగా బ్యాంకుకి వేయండి అంటే ఒప్పుకోకండి. నేను ఒప్పుకున్నాను. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగే దారి ఉండేది.

ఇప్పటికి 15లో 6 హ్యాంపర్ల డబ్బు వెనక్కి వచ్చింది, ఫొటోలు ఉన్నవాటికే. మిగతా 9కి కూపన్ ఇస్తామంటున్నారు, వాళ్ల దగ్గరే మళ్లీ హ్యాంపర్ కొనుక్కోవడానికి. వద్దని రాశాను. ఏమైందో ఇక్కడే చెప్తాను.