ఆర్‌లో గ్రాఫులకు స్లైడర్లు: రొయ్యల గుంటల లెక్కలతో చాన్నాళ్లు వాడాక

ముత్తుకూరు, కోట వైపు రొయ్యల గుంటల నుంచి వచ్చే లెక్కలకు నెల్లూరులో కూర్చుని ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో గ్రాఫులు గీయడం నా పని. ఒక్కో రైతు ఒక్కో ప్రశ్న అడుగుతాడు. అడిగినప్పుడల్లా కోడ్ మార్చి మళ్లీ రన్ చేస్తూ కూర్చోలేం.

నా సొంత పనికి ఇప్పటికీ మానిప్యులేట్ ప్యాకేజీయే (ప్యాకేజీ అంటే ఆర్‌కి అదనంగా తగిలించుకునే కోడ్) ఇష్టం. మామూలు ప్లాట్ కోడ్‌ని ఆ ఫంక్షన్‌లో పెట్టి, మారాల్సిన అంకె ఉన్నచోట ఒక పేరు రాసి, ఆ పేరుకి స్లైడర్ (జరిపితే అంకె మారే పట్టీ) ఇస్తే అయిపోతుంది. వల వేసి పట్టిన రొయ్యల్ని విడివిడిగా తూచి, ఆ బరువులకు హిస్టోగ్రామ్ (ఏ బరువులో ఎన్ని ఉన్నాయో చూపే కడ్డీల గ్రాఫు) గీసి, బిన్ల (బరువుల్ని విడగొట్టే గడుల) సంఖ్య జరిపి చూడండి. బిన్లు నాలుగైదే ఉన్నప్పుడు అన్నీ ఒకే సైజులా కనిపించిన గుంటలో, బిన్లు పెంచేసరికి రెండు గుట్టలు బయటపడొచ్చు: ఎదిగినవి ఒకవైపు, వెనకబడ్డవి ఒకవైపు. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) సగటు చూస్తే ఈ సంగతి తెలియదు. తూచినవి మరీ తక్కువైతే మాత్రం లేని గుట్టలు కూడా పుట్టుకొస్తాయి. మనకు నచ్చిన బొమ్మ వచ్చేదాకా జరుపుకుంటూ పోయే బుద్ధి ఉన్నవాళ్లకు స్లైడర్ ఇవ్వకూడదు!

మానిప్యులేట్ ఆర్ కోడ్ రాసుకునే ఆర్‌స్టూడియో లోపలే పనిచేస్తుంది, రైతు చేతికి ఇవ్వలేం. అందుకని 2012లో వచ్చిన షైనీ, అంటే గ్రాఫుల్ని బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీగా మార్చే ఆర్ ప్యాకేజీ. తెర ఎలా ఉండాలో ఒక భాగం, లెక్క ఎలా జరగాలో ఇంకో భాగం రాయాలి. ఏ ఇన్‌పుట్ మారితే దాని మీద ఆధారపడ్డ బొమ్మలే మళ్లీ గీస్తుంది, అది బాగుంది. స్లైడర్ లాగుతుంటే మధ్యలో ఆగిన విలువలకు కూడా గీయబోయి పాత ల్యాప్‌టాప్ ఆయాసపడుతుంది. డీబౌన్స్‌తో (చెయ్యి ఆగేదాకా లెక్కని ఆపే ఫంక్షన్) అర సెకను ఆపితే కుదురుకుంటుంది. గ్రాఫులో తెలుగు ఒత్తులు చెదిరిపోతుంటే రాగ్ ప్యాకేజీ వేసుకోండి.

కంట్రోళ్లు ఎక్కువ పెట్టొద్దు. ఉప్పుశాతం, పీహెచ్, మేత, అన్నిటికీ ఉన్న తెర చూసి ఒక పెద్దాయన, "అబ్బయా, ఇయ్యన్నీ ఎందుకు, తెల్లారుజాము ఆక్సిజన్ ఒక్కటి చూపీ" అన్నాడు. ఆయన అడిగిందే అసలు లెక్క. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారే ముందే, 4 పీపీఎం కిందికి దిగితే ఎవరికైనా టెన్షనే. ఇప్పుడు గుంట ఎంచుకునే జాబితా, తేదీల స్లైడర్, అంతే.

షైనీకి వెనక ఆర్ నడుస్తూ ఉండాలి, గుంటల దగ్గర నెట్ సరిగా ఉండదు. ప్లాట్లీ అనే గ్రాఫుల ప్యాకేజీకి, జాబితాలూ స్లైడర్లూ ఇచ్చే క్రాస్‌టాక్ ప్యాకేజీ జోడిస్తే అంతా ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్‌లో ఇమిడిపోతుంది, ఫోన్‌లో నెట్ లేకున్నా తెరుచుకుంటుంది. కాకపోతే అది ఉన్న వరసల్ని వడకడుతుందే గానీ కొత్తగా లెక్క కట్టదు. గుంట, తేదీ మార్చి చూసుకుంటే చాలన్నవాళ్లకు ఆ ఫైల్ వాట్సాప్‌లో పంపుతున్నా. బిన్లు మార్చి చూడాలనేవాళ్లకు షైనీ లింకే.