ఫోన్లకు పెట్టుకున్న పేర్లను పటం మీదికి తెచ్చే విగిల్ యాప్: ఒక సమీక్ష

హాట్‌స్పాట్ తెరిచినప్పుడో, బ్లూటూత్‌తో మరో పరికరాన్ని జత చేస్తున్నప్పుడో మన ఫోను చుట్టుపక్కల వారికి ఒక పేరుతో కనిపిస్తుంది. చాలామంది కంపెనీ ఇచ్చిన మోడల్ పేరునే ఉంచేస్తారు. కొందరు తమ పేరో, పిల్లల పేరో, ఇష్టదైవం పేరో పెట్టుకుంటారు. పాస్‌వర్డ్ అడగవద్దని పేరులోనే చెప్పేవారూ ఉన్నారు. ఎవరూ అడగకుండా, ఎవరి మెప్పూ ఆశించకుండా మనుషులు రాసుకున్న ఈ చిన్న చిన్న రాతలు ఏ ప్రాంతంలో ఎలా ఉన్నాయో పటం గీసి చూడదగినవని నా నమ్మకం. ఆ పనికి విగిల్ ఆండ్రాయిడ్ యాప్ ఎంతవరకు పనికొస్తుందన్నదే ఈ సమీక్ష విషయం.

వైఫై నెట్‌వర్కులను పటానికెక్కించే విగిల్ ప్రాజెక్టు 2001లో మొదలైంది. ఔత్సాహికులు తిరుగుతూ నమోదు చేసి పంపిన వంద కోట్లకు పైగా వైఫై నెట్‌వర్కులు దాని వెబ్‌సైట్‌లో ఉన్నాయి. యాప్ ఉచితం, దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. లొకేషన్ అనుమతి ఇచ్చి, యాప్ తెరిచి నడుస్తూ పోతే చాలు: సిగ్నల్ అందిన ప్రతి నెట్‌వర్క్ పేరునూ, హార్డ్‌వేర్ చిరునామానూ (పరికరాన్ని గుర్తించే సంఖ్య), సిగ్నల్ బలాన్నీ, ఆ క్షణంలో మనమున్న అక్షాంశ రేఖాంశాలనూ అది తన డేటాబేస్‌లో రాసుకుంటుంది. వైఫైతో పాటు బ్లూటూత్ పరికరాలనూ, సెల్ టవర్లనూ నమోదు చేస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక పని తప్పనిసరి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక యాప్ రెండు నిమిషాల్లో నాలుగుసార్లకు మించి వైఫై స్కాన్ చేయకుండా పరిమితి ఉంది; వాహనంలో వెళ్తున్నప్పుడు ఆ వేగం ఏమాత్రం సరిపోదు. ఆండ్రాయిడ్ 10, ఆ తరువాతి ఫోన్లలో సెట్టింగ్‌లలో మామూలుగా దాగి ఉండే డెవలపర్ ఆప్షన్లలోకి వెళ్లి ఆ పరిమితిని తీసేస్తే జాబితా ఒక్కసారిగా నిండుతుంది.

అయితే ఆ జాబితాలో ఫోన్ల వాటా ఎంత? ఇక్కడే ఓపిక కావాలి. ఒకప్పటి ఫోన్లలో బ్లూటూత్‌ను ఎప్పుడూ అందరికీ కనిపించేలా ఉంచుకునే వీలుండేది. నేటి ఫోన్లలో ఎక్కువ భాగం బ్లూటూత్ సెట్టింగ్‌ల తెర తెరిచి ఉన్నంతసేపే తమ పేరు చెబుతాయి. మిగతా సమయంలో తక్కువ శక్తితో నడిచే మరో రకం బ్లూటూత్ ద్వారా సంకేతాలు పంపుతున్నా, వాటిలో పేరు సాధారణంగా ఉండదు, చిరునామా కూడా కొద్ది నిమిషాలకోసారి మారిపోతుంటుంది. అందువల్ల బ్లూటూత్ జాబితాలో ఇయర్‌ఫోన్లు, వాచీలు, టీవీలే ముందు కనిపిస్తాయి. ఫోన్ల పేర్ల కోసం వెతికేవారికి అసలైన గని హాట్‌స్పాట్లే. ఐఫోన్‌లో హాట్‌స్పాట్‌కు వేరే పేరు ఉండదు, ఫోను పేరే దాని పేరు. కొత్త ఫోన్‌ను సిద్ధం చేసేటప్పుడు అందులో యజమాని పేరు దానంతట అదే చేరుతుంది. 2022లో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 16 నుంచి ప్రత్యేక అనుమతి లేని యాప్‌లకు ఆ పేరు అందడం లేదు గానీ, హాట్‌స్పాట్ తెరిస్తే మాత్రం పక్కనున్న వారందరికీ అది కనిపిస్తూనే ఉంటుంది.

ఈ యాప్ మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం దాని పటానికి సంబంధించినది. విగిల్ పుట్టింది గోడకు తగిలించిన రౌటర్ల కోసం. సిగ్నల్ అన్నిటికన్నా బలంగా అందిన చోటును ఆ నెట్‌వర్క్ చోటుగా తీసుకుని యాప్ పటం మీద ఒక్క చుక్క పెడుతుంది. రౌటర్ విషయంలో ఇది సబబే. ఉదయం రైల్వే స్టేషన్‌లోనూ సాయంత్రం మార్కెట్‌లోనూ సిగ్నల్ అందిన ఒక ఫోనుకు మాత్రం ఆ ఒక్క చుక్క దాదాపు అర్థం లేనిది. అదృష్టవశాత్తు డేటాబేస్ పటం కన్నా నిజాయితీగా ఉంటుంది. అందులో నెట్‌వర్కుల పట్టికతో పాటు ప్రతి నమోదునూ సమయంతో సహా దాచే మరో పట్టిక ఉంది. డేటాబేస్‌ను ఎగుమతి చేసి ఆ రెండో పట్టిక నుంచి పటం గీస్తేనే పేర్ల కదలిక తెలుస్తుంది. ఫోన్ల పేర్ల మీద పనిచేయదలచిన వారు యాప్‌లోని పటాన్ని నమ్ముకోవద్దని గట్టిగా చెబుతాను.

లెక్కించేటప్పుడు మరో చిక్కు వస్తుంది. మార్చని మోడల్ పేర్లు ఒకే వీధిలో ఎన్నో ఫోన్లకు ఉంటాయి కనుక పేరును బట్టి ఫోన్లను లెక్కించలేము. కొన్ని ఫోన్లు హాట్‌స్పాట్ చిరునామాను మార్చుకుంటూ ఉంటాయి కనుక చిరునామాను బట్టీ లెక్కించలేము. సొంతంగా పెట్టుకున్న పేర్లను వేరుచేసి, అవి మొత్తం పేర్లలో ఏపాటి అన్నది చూడడమే నాకు సరైన మార్గంగా తోచింది.

తెలుగు లిపిలో పేర్లు అరుదుగా ఉండడానికి సాంకేతిక కారణం కూడా కొంత ఉంది. వైఫై పేరుకు 32 బైట్లే అవకాశం. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు దేనికదే మూడు బైట్లు పడుతుంది. అంటే పది గుర్తులతో చోటు అయిపోతుంది. బ్లూటూత్ పేరుకు 248 బైట్లు ఉన్నాయి కనుక అక్కడ ఆ ఇబ్బంది లేదు.

సేకరించిన దాన్ని విగిల్ వెబ్‌సైట్‌కు పంపాలా వద్దా అన్నది మన ఇష్టమే. మామూలుగా మనం నొక్కితేనే అది వెళ్తుంది. ఫోన్ల పేర్ల కోసం తిరిగిన నమోదులను పంపవద్దనే నా సలహా. రౌటర్ పేరు ఒక ఇంటిని చూపిస్తే, ఫోను పేరు ఒక మనిషినీ, ఆ మనిషి ఏ వేళకు ఎక్కడున్నాడన్న సంగతినీ చూపిస్తుంది. బ్లూటూత్ స్కాన్‌ను ఆపేసుకునే వీలు సెట్టింగ్‌లలో ఉంది. సొంత ఇంటి పరికరాల చిరునామాలను నమోదు కాకుండా మినహాయించే వడపోత కూడా ఉంది, దాన్ని మొదటి రోజే వాడాలి. పటాన్ని నలుగురికీ చూపేటప్పుడు చిరునామాలనూ, సమయాలనూ తీసివేసి, వ్యక్తుల పేర్లను "సొంత పేరు" అన్న వర్గంగా మార్చి, చుక్కలకు బదులు పెద్ద గడులుగా చూపించాలి. ఈ పని యాప్ చేసిపెట్టదు, బయట స్ప్రెడ్‌షీట్‌లో మనమే చేసుకోవాలి. కదిలే పరికరాలను రౌటర్ల నుంచి విడదీసి చూపే పొర ఒకటి రాబోయే వెర్షన్లలో చేరిస్తే, ఈ శ్రమలో సగం తగ్గుతుంది.