పాత కంపెనీ బిళ్ళల కోసం పిట్స్‌బర్గ్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా

కంపెనీలు ఒకప్పుడు ప్రచారం కోసం ఊరికే పంచిన పిన్నులు, బ్యాడ్జీలు, రేకు ట్రేలు, లైటర్లు పోగేసే అలవాటున్నవాళ్లు అమెరికా వస్తే ముందు అట్లాంటాలోని కోకా-కోలా మ్యూజియానికే వెళ్తారు. మేం పెన్సిల్వేనియా, ఒహాయో వైపు వెళ్లాం. ఈ సరుకుల చరిత్రలో సగం అటువైపే ఉంది. కారు మా బావది, డ్రైవింగూ ఆయనదే. "దీనికి డబ్బులిస్తారా ఎవరైనా?" అని ప్రతిచోటా అడిగేవాడు. "నేనిస్తా బావా" అనేదాన్ని.

ఇలాంటి వస్తువుకి ముందువైపు బొమ్మ అందంగా ఉంటుంది కానీ, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అనే అసలు సంగతులన్నీ వెనకవైపో, అడుగునో, అంచు మీదో ఉంటాయి. కాబట్టి చేతిలోకి తీసుకుని తిప్పి చూసే వీలున్న చోటికే నా మార్కులు.

ఆ లెక్కన పిట్స్‌బర్గ్‌లోని హైంజ్ హిస్టరీ సెంటర్‌కి తక్కువే పడతాయి, కథ చెప్పడంలో మాత్రం దానికి వంక పెట్టలేం. స్ట్రిప్ డిస్ట్రిక్ట్‌లో ఒకప్పటి ఐసు కంపెనీ భవనం అది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఊరగాయలు, కెచప్ అమ్మే హైంజ్ కంపెనీ యజమాని హెన్రీ హైంజ్‌ స్టాల్ మేడమీద పడింది. మెట్లెక్కి వచ్చే నాథుడు లేడు. ఆయన చీటీలు కొట్టించి కింద పంచిపెట్టించాడు, ఇది పైకి తెచ్చినవాళ్లకి బహుమతి ఉచితం అని. ఆ బహుమతి గడియారం గొలుసుకి తగిలించుకునే చిన్న ఆకుపచ్చ బిళ్ళ, ఊరేసిన దోసకాయ ఆకారంలో. జనం విరగబడ్డారు. తర్వాత అదే పిన్నుగా మారి ఇప్పటికీ నడుస్తోంది. సీసాలతోనే కట్టిన పెద్ద కెచప్ సీసా దగ్గర పిల్లలు ఆగిపోతారు. నేను పాత బిళ్ళల దగ్గర ఆగిపోయాను, అద్దానికి ఇవతలే. సిబ్బంది ఓపికగా మాట్లాడారు. శనివారం వెళ్లకండి, పక్కనే ఉన్న బజారు వల్ల పార్కింగ్ దొరకదు. బసకి ఊరి బయట మన్రోవిల్ వైపు చూసుకుంటే పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గరవుతుంది. భోజనం సంగతి అక్కడి క్యాంటీన్ చూసుకుంటుంది.

జిప్పో లైటర్లు తయారయ్యే బ్రాడ్‌ఫర్డ్ అక్కడి నుంచి ఉత్తరంగా మూడు గంటల పైన ప్రయాణం, చాలావరకు అడవి దారి. మేం దిగిన మోటల్ గురించి గొప్పగా చెప్పలేను. బ్రేక్‌ఫాస్ట్ ఉంటుందని రాసుకున్నారు, ఇచ్చింది కవర్లో చుట్టిన మఫిన్. హీటర్ రాత్రంతా మోగింది. కానీ పొద్దున్నే జిప్పో మ్యూజియం రోడ్డులో లైటర్ ఆకారంలో ఉన్న వీధి దీపాలు చూడగానే ఆ చిరాకు పోయింది. ప్రవేశం ఉచితం.

జిప్పో 1932లో మొదలైంది. 1936లో అదే ఊళ్లోని కెండల్ నూనె కంపెనీ తన గుర్తు వేయించి 500 లైటర్లు చేయించుకుంది. కంపెనీల పేర్లతో జిప్పోలు పంచడం అక్కడి నుంచి ఊపందుకుంది. ఇక్కడ నాకు బాగా నచ్చింది రిపేరు విభాగం. ఎంత పాత లైటరైనా ఉచితంగా బాగుచేస్తామన్న హామీ ఉంది కదా, ఆ పని అద్దం వెనక కళ్లముందే జరుగుతుంది. లైటర్ తిరగేస్తే అడుగున ఏ ఏడాదిదో తెలిసిపోతుంది. 1950ల మధ్య నుంచి చుక్కలు, తర్వాత గీతలు, 1986 నుంచి నెలకో అక్షరం. సేకరించేవాళ్లకి చిన్న జాగ్రత్త: లోపలి భాగం బాగుపడకపోతే కొత్తది పెట్టి పంపిస్తారు. వాడుకునేవాళ్లకి అది మంచిదే, మనకి మాత్రం అసలుది పోయినట్టే. నేనైతే వెలగకపోయినా అలాగే ఉంచేస్తాను.

ఇక కొషాక్టన్. ఒహాయోలో ఈ చిన్న ఊరి పేరు చాలామందికి తెలియదు, నిజానికి ఈ యాత్రలో ఒక్కటే ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను. 1880ల్లో ఇక్కడ జాస్పర్ మీక్ అనే పత్రిక యజమాని ఉండేవాడు. పత్రిక పని లేనప్పుడు ప్రెస్సు ఖాళీగా ఉండటం ఆయనకి నచ్చలేదు. ఊళ్లోని చెప్పుల కొట్టు కాంట్వెల్‌ని ఒప్పించి, వాళ్ల పేరు అచ్చువేసిన గోనె బడి సంచులు తయారుచేశాడు. కొట్టుకి వచ్చిన పిల్లలకి సంచి ఉచితం, సంచి తిరిగినంత మేరా ప్రకటన ఉచితం. లాభం చూసి ఊళ్లోని మరో పత్రికాయన హెన్రీ బీచ్ కూడా దిగాడు. ఇద్దరూ పోటీపడి, 1901లో కలిసి, మళ్లీ విడిపోయారు. ఈ గొడవల్లోంచే రేకు మీద రంగుల అచ్చు ఇక్కడ పెద్ద పరిశ్రమ అయింది. పాత కోకా-కోలా ట్రే అంచు మీద "అమెరికన్ ఆర్ట్ వర్క్స్, కొషాక్టన్, ఒహాయో" అని సన్నటి అక్షరాలు కనిపిస్తే, అది మీక్ కంపెనీకి తర్వాత పెట్టుకున్న పేరు.

కాలువల్లో సరుకు పడవలు నడిచిన కాలపు వీధిని బాగుచేసి నిలిపిన రాస్కో విలేజ్‌లో జాన్సన్-హమ్రిక్‌హౌస్ మ్యూజియం ఉంది. చిన్నది. మేం వెళ్లినప్పుడు రద్దీ లేదు, కౌంటర్ దగ్గర పెద్దావిడ అడిగినదానికల్లా విసుగు లేకుండా జవాబిచ్చింది. భోజనానికి శాకాహారులు ఏదైనా వెంట తెచ్చుకోవడం మేలు.

చివరి మజిలీ ఒహాయోలోనే ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్. అక్కడి పాత వస్తువుల సంతలో పెద్దది మే, సెప్టెంబరు నెలల్లో జరుగుతుంది. తేదీలు చూసుకుని యాత్ర మొత్తం దాని చుట్టూ అల్లుకోండి. ఆ రోజుల్లో ఊళ్లో గదులు దొరకవు, డేటన్‌లో ఉండి పొద్దున్నే రావడం సుఖం. నగదు ఉంచుకోండి, చక్రాల బండి ఉంటే ఇంకా మంచిది. ఇక్కడ మాత్రం అన్నీ చేతికిస్తారు. సెల్యులాయిడ్ బ్యాడ్జి తిరగేస్తే లోపల గుండ్రటి కాగితం ఉండాలి. న్యూజెర్సీలోని నూవార్క్‌కి చెందిన బ్యాడ్జీల కంపెనీ వైట్‌హెడ్ అండ్ హోగ్ వాళ్లదైతే దాని మీద 1896 పేటెంటు తేదీలు కూడా కనిపిస్తాయి. కాగితం లేనంత మాత్రాన నకిలీ అనక్కర్లేదు, ధర తగ్గించమనడానికి మాత్రం అది చాలు. నగల కంపెనీ టిఫనీ పేరు, పెద్ద కంపెనీల బొమ్మలు వేసిన ఇత్తడి బెల్టు బకిళ్లు బల్లల మీద కుప్పలుగా కనిపిస్తాయి. అలాంటి వస్తువు అసలు ఏ కాలంలోనూ లేదు, 1960లు, 70ల్లో పుట్టించిన బూటకం. ఒకాయన అది తాతగారిదని ప్రమాణం చేశాడు. బావ కూడా నవ్వాడు.

తిరుగు ప్రయాణంలో లైటర్లు చేతి సంచిలో పెట్టకండి, ఇండియా విమానాల్లో ఒప్పుకోరు. ఫ్లూయిడ్ లేకుండా చెక్-ఇన్ సామానులో వేయొచ్చు. కొత్త జిప్పో ఖాళీగానే అమ్ముతారు కానీ, సంతలో కొన్న పాతదాంట్లో దూది తడిగా ఉండొచ్చు. ముందురోజే తెరిచి బాగా ఆరబెట్టండి.