ప్రెవేర్ ‘పారోల్’: ఫోలియో పాకెట్ ప్రతి గురించి

ఫ్రెంచ్ కవి, సినిమా రచయిత జాక్ ప్రెవేర్ పుస్తకాల్లో ఒక్కటే కొనదలచిన వారు ‘పారోల్’ అనే కవితాసంపుటి కొనాలన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం ఉండదు. ఏ ప్రతి కొనాలన్నదే ఆలోచించవలసిన సంగతి. గాలిమార్ ప్రచురణ సంస్థ ఫోలియో శ్రేణిలో వేస్తున్న పాకెట్ ప్రతిని ఈ మధ్యనే చదివి ముగించాను. మెత్తని అట్ట, సుమారు 250 పేజీలు, ఫ్రాన్స్‌లో పది యూరోల లోపు ధర. దిగుమతి అయి మన చేతికి వచ్చేసరికి ధర పెరుగుతుంది గానీ, 95 రచనలను ఏ కోతా లేకుండా ఇస్తున్న పుస్తకానికి అది ఎక్కువేమీ కాదు. ప్రెవేర్ పాదాలు చాలావరకు చిన్నవి కావడంతో అవి ఈ ఇరుకు పుటలో కూడా విరగకుండా నిలుస్తాయి. కవిత్వాన్ని పాకెట్ సైజులో అచ్చు వేసినప్పుడు ఈ సౌకర్యం అన్ని వేళలా దొరకదు.

ఈ ప్రతికి ఉన్న కొరత, మూలపాఠం తప్ప చదువరికి ఆసరాగా మరేమీ లేకపోవడం. కవిని గురించిన కొన్ని సంగతులు ముందే తెలిసి ఉంటే ఈ కొరత అంతగా బాధించదు. 1900 ఫిబ్రవరి 4న పారిస్ పక్కనే ఉన్న న్యుయీ-సుర్-సెన్‌లో పుట్టిన ప్రెవేర్, చిన్న వయసులోనే బడి మానేసి దుకాణాల్లో పనికి కుదిరాడు. తరువాత అధివాస్తవికవాదులతో (సర్రియలిస్టులతో) కలిసి తిరిగి, 1930లో వారి నాయకుడు ఆంద్రే బ్రెతోన్‌ను ఎద్దేవా చేసిన కరపత్రంలో తన వంతు రాసి బయటపడ్డాడు. 1932 నుంచి 1936 వరకు ‘ఒక్తోబ్ర్’ అనే కార్మిక నాటక బృందానికి, సమ్మెలు జరిగే చోట ఆడుకోవడానికి వీలుగా, అప్పటి వార్తల మీద ప్రహసనాలు రాసి ఇచ్చాడు. మార్సెల్ కార్నే దర్శకత్వం వహించిన ‘కే దే బ్రూమ్’ (1938), ‘లెజాంఫాన్ ద్యు పారదీ’ (1945) వంటి చిత్రాల రచన అతనిదే. ఈ రెండవ చిత్రాన్ని జర్మన్ ఆక్రమణ కాలంలో తీస్తున్నప్పుడు, యూదులైన కళాదర్శకుడు అలెగ్జాండర్ ట్రోనేర్, సంగీతకర్త జోసెఫ్ కోస్మా అజ్ఞాతంలో ఉంటూనే పని చేశారు.

ఇన్నేళ్ళూ కవితలు పత్రికల్లోనూ, మిత్రుల దగ్గర కాగితాల మీదా, పాటలుగా గాయకుల నోటా తిరుగుతూ ఉండిపోయాయి. ప్రచురణకర్త రెనే బెర్తెలే వాటిని పోగుచేసి 1946లో పుస్తకంగా తెచ్చేదాకా ప్రెవేర్‌కు కవితాసంపుటి అన్నదే లేదు. అప్పటికి అతనికి నలభై అయిదేళ్ళు దాటాయి. సినిమాల్లో పేరు తెచ్చుకుని చాలాకాలమైంది. అందుకే ఈ పుస్తకాన్ని కవి తొలి సంపుటిగా కాక, చేయి తిరిగిన సినిమా రచయిత పుస్తకంగా చదవాలని నా అభిప్రాయం.

‘దెజునే ద్యు మతాన్’ అనే కవితను చూడండి. ఒకతను కప్పులో కాఫీ పోసుకుంటాడు, పాలు పోస్తాడు, చక్కెర వేస్తాడు, చిన్న చెంచాతో కలుపుతాడు, తాగి కప్పు కింద పెడతాడు. సిగరెట్ వెలిగించి రింగులు వదులుతాడు, బూడిద రాలుస్తాడు, లేచి టోపీ పెట్టుకుంటాడు, వాన పడుతోంది కనుక వానకోటు తొడుక్కుని ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోతాడు. ఎదురుగా కూర్చున్న మనిషి తల చేతిలో ఆనించుకుని ఏడవడంతో కవిత ముగుస్తుంది. బాధ, ప్రేమ, ఎడబాటు అన్న పేర్లేవీ అందులో రావు. నటుడికి చెప్పదగిన పనులు మాత్రమే ఉన్నాయి. ఆ క్రియలన్నీ ఒకే భూతకాలంలో, తేలిక మాటల్లో ఉండటం వల్ల ఫ్రెంచ్ నేర్చుకునేవారికి తరగతిలో వ్యాకరణ పాఠంగా దీన్ని చెప్పడం పరిపాటి అయింది. ఇంత మంచి దృశ్యాన్ని అభ్యాసాల్లో పూరించే ఖాళీలుగా మొదట చూసినవారు నాతోపాటు చాలామందే ఉంటారు.

‘ల మెసాజ్’ ఇంకా పొదుపైనది. ఎవరో తెరిచిన తలుపు, ఎవరో మూసిన తలుపు, ఎవరో కూర్చున్న కుర్చీ, నిమిరిన పిల్లి, కొరికిన పండు, చదివిన ఉత్తరం, పడిపోయిన కుర్చీ, ఇలా ఒక్కొక్క వస్తువే ఒక్కొక్క షాట్‌గా వచ్చి, చివరికి ఆసుపత్రి దగ్గర ఆగుతుంది. మనిషి ఎక్కడా కనిపించడు, ఉత్తరంలో ఏముందో తెలియదు, అయినా జరిగింది అర్థమవుతుంది. ‘ల గ్రాస్ మాతినే’లో పని చేసేది శబ్దం. హోటల్ కౌంటరు మీద ఉడికిన గుడ్డును కొట్టి పగలగొట్టే చప్పుడు, ఆకలితో తిరిగే మనిషి తలలో మళ్ళీ మళ్ళీ మోగుతుంది. అతడు చేసిన హత్య సంగతి, దానివల్ల దక్కిన రెండు ఫ్రాంకుల సంగతి ఆఖరులోనే బయటపడతాయి. విషయాన్ని ఎప్పటిదాకా దాచాలో లెక్క తెలిసినవాడు రాసిన కవిత ఇది. బాంబుదాడుల్లో ధ్వంసమైన బ్రెస్త్ నగరం గురించిన ‘బార్బరా’లోనూ అదే నేర్పు ఉంది: యుద్ధానికి ముందు ఒక స్త్రీ మీద కురిసిన వానను, యుద్ధం తరువాత అదే ఊరి మీద కురుస్తున్న వానను పక్కపక్కన పెట్టడంతోనే చెప్పవలసింది చాలావరకు చెప్పేశాడు.

అన్ని రచనలూ ఈ స్థాయిలో లేవు. పిల్లలు, పక్షులు, ప్రేమికులు ఎప్పుడూ మంచివారు. మతగురువులు, సైన్యాధికారులు, ఉపాధ్యాయులు ఎప్పుడూ చెడ్డవారు. మొదట నవ్వించిన ఈ పంపకం సగం పుస్తకం దాటేసరికి ముందే ఊహించగలిగేదిగా తయారవుతుంది. సుదీర్ఘ రచనల విషయంలో వివరణలు లేని లోటు బాగా తెలుస్తుంది. పుస్తకం తెరవగానే ఎదురయ్యే ‘విందు’ వర్ణన 1931లో పత్రికలో వచ్చిన వ్యంగ్యం. పోపు మీద, ముసోలినీ మీద విరుచుకుపడే ‘లా క్రోస్ ఆన్ లేర్’ 1936 నాటిది. అప్పటి ఫ్రెంచ్ రాజకీయం తెలియని వారికి వీటిలోని ఎత్తిపొడుపులు సగం చేరవు. కాబట్టి మొదటి పుట నుంచి వరసగా చదవవద్దనే నా సలహా. పైన చెప్పిన చిన్న కవితలతో ప్రారంభించి, అలవాటు పడ్డాక ఆ విందుకు వెళ్ళవచ్చు. విరామ చిహ్నాలు దాదాపుగా లేకపోవడం వల్ల కంటితో చదివితే తడబడే చోట్లు, పైకి చదివితే సాఫీగా సాగుతాయి.

వివరణలతోనే చదవాలనుకునే వారికి గాలిమార్ వారి ప్లేయాద్ శ్రేణిలో సమగ్ర రచనలు రెండు సంపుటాలుగా (1992, 1996) ఉన్నాయి. ఖరీదు ఎక్కువ, పరిశోధకులకు తప్ప అంత అవసరమూ లేదు. ఫ్రెంచ్ రాని వారికి, అమెరికన్ కవి లారెన్స్ ఫెర్లింగెట్టి ఇంగ్లీషులోకి తెచ్చి సిటీ లైట్స్ ప్రచురణ సంస్థ ద్వారా 1958లో ప్రచురించిన ఎంపిక ఉంది; అది తరువాత ద్విభాషా ప్రతిగానూ వచ్చింది. అది మొత్తం పుస్తకం కాదు, కొన్ని కవితలే. అయినా ఫ్రెంచ్ నేర్చుకుంటున్నవారు ఫోలియో ప్రతి పక్కన దాన్ని పెట్టుకుంటే నిఘంటువు అవసరం చాలా తగ్గుతుంది.

కొనేముందు మరొక్క సంగతి గమనించాలి. ‘ఆటమ్ లీవ్స్’ పేరుతో ప్రపంచమంతా విన్న పాటకు మూలమైన ‘లే ఫేయ్ మోర్త్’ ఈ పుస్తకంలో లేదు. కోస్మా బాణీకి ప్రెవేర్ రాసిన ఆ పాట 1946 నాటి ‘లే పోర్త్ ద లా న్యుయీ’ చిత్రంలో వినిపించింది. 1977లో కవి మరణించాక 1980లో వెలువడిన ‘సొలేయ్ ద న్యుయీ’ సంపుటిలో చేరింది. దానికోసమే చూస్తున్నవారు ఆ సంపుటినే తెప్పించుకోవాలి.