మన్ను పూత, సిమెంటు పూత: శాంటా ఫేలో నాలుగు రోజులు

"అద్దాల మేడలు చాలు గానీ, ఏదన్నా ఊరు చూపించు" అంది అమ్మ. డల్లాస్‌కి వచ్చి మూడు నెలలైంది. నయాగరా, న్యూయార్క్ అయిపోయాయి. అప్పుడు తట్టింది శాంటా ఫే. న్యూ మెక్సికో రాష్ట్ర రాజధాని, ఊరంతా మట్టిరంగు ఇళ్ళు. మాది ఉరవకొండ దగ్గర పల్లె. అమ్మానాన్నలు సగం జీవితం చౌడు మిద్దెలో, అంటే కప్పు మీద చౌడు మన్ను పరిచిన మట్టింట్లో గడిపినవాళ్ళు. కాబట్టి వీళ్ళకి నచ్చితే నచ్చాలి, లేకపోతే తప్పులైనా పట్టాలి. రెండూ జరిగాయి.

డల్లాస్ నుంచి సుమారు 640 మైళ్ళు. 287 పట్టుకుని అమరిల్లో, అక్కణ్ణుంచి ఐ-40. పొద్దున ఐదింటికి బయల్దేరితే సాయంత్రానికి చేరాం. ఒకే రోజులో పెద్దవాళ్ళతో ఇంత దూరం నేనైతే మళ్ళీ చెయ్యను. అల్బుకర్కీ దాకా విమానంలో వెళ్ళి, అక్కడ రైల్ రన్నర్ రైలెక్కితే గంటన్నరకి కాస్త అటూఇటుగా శాంటా ఫేలో ఉంటారు. ఇంకో మాట, ఊరు దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంది, ఊటీకి కాస్త తక్కువ. మొదటిరోజు నాన్నకి తలనొప్పి, నాకు మెట్లెక్కితే ఆయాసం. నీళ్ళు బాగా తాగి ఆ పూట పడుకోవడమే మేలు.

మొదటి రెండు రాత్రులు ఊరి నడిబొడ్డున ఉన్న మైదానం, ప్లాజాకి దగ్గర్లో ఒక హోటల్లో దిగాం. గుండ్రటి మూలలు, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన దూలాలు, మట్టిరంగు. ఫొటోలకి అదిరిపోయింది. నాన్న సామాను దించకముందే గోడ దగ్గరికెళ్ళి గోటితో గీకి చూశాడు. తర్వాత వేలు మడిచి కొట్టాడు. డొల్ల శబ్దం.

"రేయ్, ఇది మన్ను కాదు. లోపల చెక్క, పైన సిమెంటు పూత. ఆ దూలాలు కూడా దేన్నీ మోయడం లేదు, ఊరికే అతికించినారు."

నిజమే. ఊళ్ళో చాలా ఇళ్ళు అంతే. శాంటా ఫేని స్పెయిన్ వాళ్ళు 1610లో రాజధాని చేశారు. 1680లో స్థానిక పుయెబ్లో ప్రజలు తిరగబడి వాళ్ళని తరిమేశారు, 1692లో స్పానిష్ వాళ్ళు మళ్ళీ వచ్చారు. అప్పటి ఇళ్ళన్నీ అసలు మట్టివే. 1880లో రైలొచ్చాక ఇటుకలు, రేకులు వచ్చాయి, మట్టిల్లంటే నామోషీ అయింది. మన ఊళ్ళలో ఆర్‌సీసీ వచ్చినప్పటి సంగతే అనుకోండి. 1912లో రాష్ట్రహోదా వచ్చిన సమయానికి ఊరి పెద్దలకి ఇంకో లెక్క తోచింది. అమెరికాలో మిగతా ఊళ్ళలా ఉంటే ఇక్కడికి ఎవడొస్తాడు? పాత రూపమే మన పెట్టుబడి అనుకున్నారు. ప్లాజాలో ఉన్న గవర్నర్ల భవనానికి మధ్యకాలంలో తగిలించిన విక్టోరియన్ అలంకారం పీకేసి, మళ్ళీ మొద్దు స్తంభాల వసారా కట్టారు. క్షయ వైద్యానికని 1920లో ఇక్కడికొచ్చిన జాన్ గా మీమ్ అనే ఆయన ఆర్కిటెక్టుగా స్థిరపడి ఈ శైలిని ఊరంతా పాకించాడు. 1957లో ఏకంగా చట్టమే చేశారు, పాత ఊళ్ళో కొత్తగా ఏం కట్టినా చూడ్డానికి ఈ తీరులోనే ఉండాలని. చట్టం చూసేది బయటి రూపాన్ని. లోపల మట్టి ఉందా చెక్క ఉందా అన్నది కట్టుకునేవాడి ఇష్టం.

గవర్నర్ల భవనం వసారాలో మాత్రం ఎంతసేపైనా గడపొచ్చు. స్థానిక తెగలవాళ్ళు గోడవారగా దుప్పట్లు పరిచి, తాము చేసిన వెండి నగలు, కుండలు అమ్ముతారు. అమ్మ ఒక నల్ల కుండని తట్టి చూసి, ధర విని, మెల్లగా కింద పెట్టేసింది. లొరెట్టో చాపెల్‌లో మెలికల మెట్లకి టికెట్ ఉంది. ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

మూడో రోజు మకాం మార్చాం. పాత మట్టిల్లు, రెండు గదులది, ఒకావిడ అద్దెకిస్తున్నారు. హోటల్ కన్నా రాత్రికి ముప్పై డాలర్లు తక్కువే పడింది. గోడ మందం నా మూర కన్నా ఎక్కువ. గుమ్మం పొట్టిది, నేను రెండుసార్లు తల కొట్టుకున్నాను. ఆ గోడల్ని దాటి వైఫై రాదు, ఆఫీసు కాల్ కోసం వాకిట్లో కూర్చోవాల్సి వచ్చింది. బాత్రూం ఇరుకు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకైతే హోటలే చెప్తాను. కానీ ఆగస్టు మధ్యాహ్నం, ఏసీ లేకుండా, ఆ చల్లదనం! నాన్న మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కింద దూలాలు, వీటిని ఇక్కడ వీగాలంటారు. వాటిమీద అడ్డంగా సన్న కర్రలు, లటియాలు. ఆ పైన పూర్వం మట్టే పరిచేవారు.

"దూలాలు, దంతెలు, మన్ను. చౌడొక్కటే తక్కువ" అన్నాడు.

సాయంత్రం ఉరుములతో వాన. జులై, ఆగస్టుల్లో ఇక్కడ అలాంటి వానలు మామూలే. కప్పు మీద నీళ్ళు గోడకి తగలకుండా ముందుకు చొచ్చుకొచ్చిన దోనెలోంచి ధారగా దూరంగా పడుతున్నాయి. దాన్ని కనాలె అంటారని ఇంటావిడ చెప్పింది. అమ్మ గబగబా లోపలికెళ్ళి బకెట్ తెచ్చి ధార కింద పెట్టింది. ఎందుకని అడిగితే తనకే నవ్వొచ్చింది. అలవాటు.

తిండి సంగతి. ఎక్కడికెళ్ళినా "ఎర్రదా, పచ్చదా?" అని అడుగుతారు, మిరప పచ్చడి గురించి. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనాలి. శాకాహారులు పచ్చిమిర్చి కూరలో పంది మాంసం ఉందేమో ముందే అడగండి. నీలం మొక్కజొన్న రొట్టె అమ్మకి జొన్నరొట్టెకి చెల్లెలిలా అనిపించింది. కారం విషయంలో మాత్రం నాన్న పెదవి విరిచాడు.

నాలుగో రోజు టావోస్. కొండదారి పట్టుకుంటే మధ్యలో చిమాయో గుడి తగులుతుంది. చిన్న గదిలో నేలలో గుంట, అందులో మట్టిని మహిమ గలదని భక్తులు తీసుకెళ్తారు. "పుట్టమన్ను" అని అమ్మ ఎవరూ చెప్పకుండానే నుదుటికి రాసుకుంది.

టావోస్ పుయెబ్లో అంటే స్థానిక తెగవాళ్ళ పాత ఊరు, దానికి టికెట్ ఉంది. వేడుకల రోజుల్లో మూసేస్తారు కాబట్టి ముందు కనుక్కుని వెళ్ళండి. అంతస్తుల మీద అంతస్తులుగా మట్టిళ్ళు, మధ్యలో ఏరు, లోపల కరెంటు లేదు, కుళాయి లేదు. అనుమతి లేకుండా మనుషుల్ని ఫొటో తీయకూడదు. ఇది స్పానిష్ వాళ్ళు రాకముందు నుంచీ ఉన్నది. చెక్క అచ్చుల్లో పోసి ఎండబెట్టే ఇటుక, తేనెపట్టులాంటి మట్టి పొయ్యి మాత్రం వాళ్ళతో వచ్చాయి. ఆ పొయ్యిలో కాల్చిన రొట్టె ఒకటి కొనుక్కున్నాం, ఇంకా వేడిగా ఉంది.

అక్కణ్ణుంచి కాస్త దక్షిణాన రాంచోస్ దే టావోస్‌లో సాన్ ఫ్రాన్సిస్కో దే అసీస్ చర్చి. చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ బొమ్మలు గీసింది దీని వెనక గోడల్నే. ముందువైపు కన్నా వెనకే చూడాలి. కిటికీ లేదు, అలంకారం లేదు, ఏనుగు కూర్చున్నట్టు మట్టి ఆసరాలు. ఏటా వేసవిలో చర్చి జనమంతా కలిసి గడ్డి కలిపిన మన్నుతో గోడలు మెత్తుతారు. మేం వెళ్ళేసరికి ఆ ఏటి పూత కొత్తగానే ఉంది, గడ్డిపోచలు ఎండలో మెరుస్తున్నాయి. అమ్మ గోడ మీది చేతి వంపుల్ని అరచేత్తో అనుసరిస్తూ వెళ్ళి ఒకచోట ఆగింది.

"ఈడ మెత్తిన మనిషిది ఎడమచేతి వాటం."

"మనమూ మన మిద్దెను ఇట్ల ఉంచుకోవాల్సింది" అన్నాడు నాన్న.

"ఎవరు మెత్తాల? నువ్వా?"

నాన్న మాట్లాడలేదు. మా ఇంటి మట్టిగోడలకి ఏటేటా ఈ పని ఎందుకని ఒక ఏడాది సిమెంటు పూత వేయించింది ఆయనే. మూడు వానలకి పూత వెనక తేమ చేరి గోడ ఉబ్బింది, తర్వాత కూలింది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఆ మాట ఎవరో ఒకరు ఎత్తుతారు.

నేను ఫోన్లో చదివింది చెప్పాను. ఈ చర్చికీ 1967లో గట్టి పూత వేశారు, వెనక నీరు చేరి లోపలి మట్టి ఇటుకలు పాడవడం మొదలైంది, 1979లో ఆ పూత కొట్టేసి మళ్ళీ మన్నుకే వచ్చారు.

కారెక్కాక, చాలాసేపటికి, వెనక సీట్లోంచి అడిగాడు: "వీళ్ళు కూడా సిమెంటు వేసినారా?"

"వేసినారు నాయనా."

"చదువుకున్నోళ్ళే కదా?"

"చదువుకున్నోళ్ళే."

"మీ అమ్మకు ఇంకోసారి చెప్పు" అన్నాడు.